చిహో కారు మీద ఎర్ర మరక

కిందటి వారం మిసావో చివరికి తల ఊపింది. "సరే, ఇచ్చేద్దాం" అని నోటితో అనలేదు గానీ, ఆమె భర్త యోషిహరుకి ఆ తల ఊపడమే చాలింది.

ఇవ్వబోతున్నది చిహో కారు. అక్టోబరులో ఒక వాన సాయంత్రం, వాళ్ళ ఒక్కగానొక్క కూతురు చిహో నాగఓకా పట్టణంలో రోడ్డు పక్కన కారు ఆపుకుని, దిగి, రోడ్డు దాటుతుండగా ఇంకో కారు గుద్ది చనిపోయింది. గుద్దినవాడు కుమగాయి అనే వాళ్ళ కొడుకు, ఇరవై ఏళ్ళవాడు. కేసు నడుస్తోంది. చిహో కారుకి మాత్రం గీత కూడా పడలేదు. దాన్ని ఇంటికి తెచ్చి, వెనక సందులో వలలు పెట్టుకునే కొట్టంలో గుడ్డ కప్పి ఉంచారు. ఏప్రిల్ ఒకటో తారీకు దాటితే బండి పన్ను మళ్ళీ ఏడాదికి ఈ ఇంటి పేరునే పడుతుంది. బావగారి కూతురు కొత్తగా ఉద్యోగంలో చేరబోతోంది, ఆ పిల్లకి బండి కావాలి. మంచు కూడా కరిగిపోయింది. ఇన్ని కారణాలు ఒక్కసారే గుమ్మంలోకి వచ్చి నిలబడితే మిసావో ఎంతకాలమని అడ్డం నిలబడగలదు?

"ఇచ్చేముందు కడిగి ఇవ్వాలి కదా" అన్నాడు యోషిహరు.

"చిహో సామాను ముట్టుకోవడానికి వీల్లేదు. కడగాలంటే కొత్తవి కొనండి" అంది మిసావో. ఆమె పెట్టిన షరతు అదొక్కటే. చిహో బకెట్లు, తువ్వాళ్ళు ఆ పిల్ల ఆరేసిన చోటే, కొట్టంలో తీగ దగ్గరే ఉన్నాయి.

అందుకని ఆదివారం పొద్దున్నే ఇద్దరూ బైపాసు పక్కన అన్ని రకాల ఇంటి సామాన్లూ అమ్మే హోమ్ సెంటర్‌కి వెళ్ళారు.

లోకంలో బకెట్లు ఇన్ని రకాలని మిసావోకి ఆ రోజే తెలిసింది. అడుగున జల్లెడ ఉన్నవి, మూత మీద కూర్చోడానికి వీలైనవి, చక్రాలున్నవి. ఆ పక్క గోడంతా సీసాలు. నురగవి, నురగ లేనివి, తెల్ల కార్లకి, నల్ల కార్లకి, అద్దాలకి, తోలు సీట్లకి. సబ్బుల వాసన, రబ్బరు వాసన కలిసి గొంతులో అడ్డం పడుతున్నాయి. యోషిహరు బుట్ట పట్టుకుని మొదటి వరసలోనే నిలబడిపోయాడు. ముప్ఫై ఏళ్ళు పడవ ఇంజన్లు బాగుచేసిన మనిషి, షాంపూ సీసాల ముందు పెళ్ళికి వచ్చిన కొత్త చుట్టంలా అయిపోయాడు.

"ఏ కారు సార్?" అంటూ ఆకుపచ్చ ఏప్రన్ కట్టుకున్న పెద్దాయన వచ్చాడు. ఛాతీ మీద బిళ్ళలో సకాయి అని ఉంది.

"చిన్నదే. పాల రంగు" అంది మిసావో.

"పాల రంగా! అదృష్టవంతులు. నాది నలుపు. నీళ్ళ చుక్క ఆరితే మచ్చ, పిట్ట చూస్తే మచ్చ. ఆదివారం వస్తే చాలు దాని ముందు కూర్చుంటాను. మా ఆవిడ అంటుంది, నా వీపు ఎప్పుడైనా ఇంత శ్రద్ధగా రుద్దావా అని."

యోషిహరు మర్యాద కోసం నవ్వాడు. మిసావో నవ్వలేదు. సకాయి అదేం పట్టించుకోలేదు. ఆయనకి వినేవాళ్ళు దొరికారు, అంతే చాలు.

"పైన కోటింగ్ ఉందా?"

యోషిహరు తెలియదన్నట్టు చూశాడు.

"ఉంది" అంది మిసావో. "కొన్న రోజునే వేయించుకుంది. గాజు పూత."

"అయితే మైనం కలిసిన షాంపూల జోలికి పోవద్దు. గాజు పూత మీద మైనం రాస్తే దాని మెరుపంతా కిందపడి ఏడుస్తుంది. ఉత్త షాంపూ చాలు, ఇదిగో ఇది. స్పాంజి వద్దే వద్దు. ఇసుక రేణువు ఇరుక్కుందంటే గీతలే గీతలు. ఈ తొడుగు తీసుకోండి, గొర్రె బొచ్చుది, రేణువుల్ని లోపలికి లాగేసుకుంటుంది. బకెట్లు రెండు ఉండాలి. ఒకదాంట్లో నురగ, ఇంకోదాంట్లో తొడుగు జాడించుకోవడానికి. పైనుంచి కిందికి రావాలి గానీ కిందనుంచి పైకి పోకూడదు. తుడవడానికి ఈ పెద్ద తువ్వాలు. రుద్దకూడదు, పరిచి లాగాలి."

ఇవన్నీ మిసావోకి తెలుసు. చిహో ప్రతి ఆదివారం ఇలాగే చెప్పేది. అమ్మా, పరిచి లాగు, రుద్దకు, ఇదేం వంటింటి గట్టు కాదు. చెప్పి, తల్లి చేతిలోంచి తువ్వాలు లాక్కునేది. మోకాళ్ళ దాకా మడిచిన పాంటు, బూట్ల నిండా నీళ్ళు. పెళ్ళి సంబంధం గురించి అడగాలంటే మిసావో ఆ సమయమే చూసుకునేది, చేతుల నిండా నురగ ఉంటే పారిపోలేదని.

"ఇంతకీ ఎంత దాకా తీద్దామనుకుంటున్నారు?" అన్నాడు సకాయి.

"ఏది?"

"మురికి. మురికి పొరలు పొరలుగా ఉంటుందమ్మా. పైన దుమ్ము, అది నీళ్ళకే పోతుంది. దాని కింద జిడ్డు, షాంపూకి పోతుంది. దాని కింద అతుక్కుపోయిన కసటు, ఈ బంకముద్దతో నెమ్మదిగా రాస్తే ఊడొస్తుంది. అన్నిటికంటే కింద గీతలు. అవి పోవాలంటే ఈ పాలిష్‌తో రంగునే ఓ వెంట్రుకంత అరగదీయాలి. అంతదాకా వెళ్ళారంటే ఇక కొత్త బండే. ఎవరు వాడారో ఏం వాడారో ఎవరికీ తెలీదు."

"అంత అక్కర్లేదు" అంది మిసావో గబుక్కున.

తర్వాత గొంతు తగ్గించి అడిగింది. "చేతి గుర్తులు ఎన్నో పొరలో పోతాయి?"

"చేతి గుర్తులా?"

"వేలిముద్రలు. తలుపు పిడి దగ్గరవి, వెనక డిక్కీ మూత మీదవి."

సకాయి మొహం విప్పారింది. ఇంత తేలికైన ప్రశ్న ఆయన్ని ఆ పొద్దుట ఇంకెవరూ అడిగి ఉండరు. "వాటికి భయపడకండమ్మా. అవి మొదటి బకెట్‌కే పోతాయి."

మిసావో తన చేతిలో ఉన్న తొడుగుని తిరిగి కొక్కేనికి తగిలించేసింది. యోషిహరు దాన్ని తీసి బుట్టలో వేశాడు. భార్య మొహంలోకి చూడలేదు.

సకాయి వాళ్ళ ఊరు అడిగి, తీరం వైపని తెలిసి, అయితే ఉప్పు గాలి ఉంటుంది కాబట్టి బండి అడుగుభాగం బాగా తడపమని చెప్పాడు. ఇంకెవరో పిలిస్తే పక్క వరసలోకి వెళ్ళబోతూ బుట్టలోకి తొంగిచూసి ఆగాడు. "ఇదెందుకు సార్ మీకు? ఇది ఎర్ర రోడ్ల వాళ్ళు కొనుక్కునే మందు."

యోషిహరు అప్పుడే కింది అర నుంచి తీసి బుట్టలో పెట్టిన సీసా అది.

నాగఓకా వైపు చలికాలమంతా రోడ్ల నడిమధ్య వరసగా ఉన్న రంధ్రాల్లోంచి బోరు నీళ్ళు చిమ్ముతుంటాయి, మంచు పేరుకోకుండా. ఆ నీళ్ళలో ఇనుము. ఏళ్ళ తరబడి పారి పారి అక్కడి రోడ్లు, గోడల అడుగులు, దుకాణాల మెట్లు అన్నీ తుప్పు రంగుకి తిరిగిపోయాయి. మిసావో వాళ్ళ తీరపు ఊళ్ళో మంచుని సముద్రపు గాలే ఊడ్చుకుపోతుంది. ఆ గొట్టాలు లేవు, ఆ ఎరుపు లేదు.

"ఎందుకైనా మంచిదని" అన్నాడు యోషిహరు. చెవులు ఎర్రబడ్డాయి.

చిన్న ట్రక్కులో పక్కన కూర్చుని వస్తున్నంతసేపూ మిసావో ఆ సీసా వైపే చూస్తోంది. చిహో ఆ కారులో చివరిసారి ఎక్కడికైనా వెళ్ళింది అక్టోబరులో. ఆ నెలలో రోడ్ల మీద నీళ్ళు చిమ్మరు. మరి ఆ సీసా ఎందుకు? అడగడానికి ఆమెకి మాట దొరకలేదు. నిజానికి అతన్ని ఏమని పిలవాలో కూడా ఆమెకి ఈ మధ్య తెలియడం లేదు. చిహో పుట్టిన దగ్గర్నుంచీ వాళ్ళిద్దరూ ఒకరినొకరు "నాన్నా" "అమ్మా" అని పిలుచుకున్నారు, ఆ ఊళ్ళో పిల్లలున్న ఇళ్ళన్నిట్లో లాగే. ఇప్పుడా మాటలు రెండూ ఇంట్లో ఎవరూ వాడటం లేదు. "ఇదిగో" అంటే అతను తిరుగుతాడు, "అదీ" అంటే ఆమె తిరుగుతుంది. సంసారం అలా గడిచిపోతోంది.

కొట్టం తలుపు తీశారు. వలల వాసన, పాత నూనె వాసన. యోషిహరు గుడ్డ తీసి, కారుని నెమ్మదిగా బయటికి తెచ్చి, సందు మొగలోని సిమెంటు గచ్చు మీద, ఎండలో ఆపాడు. దిగిన వెంటనే గొట్టం పట్టుకుని, కిందకి వంగి, చక్రాల మీద నీళ్ళు కొట్టడం మొదలుపెట్టాడు.

"పైనుంచి కిందికి రావాలన్నాడు కదా" అంది మిసావో.

"చక్రాలు ముందు కడగాలట."

"ఎప్పుడన్నాడు? నేనూ అక్కడే ఉన్నాను."

అతను ఎర్ర రోడ్ల మందు సీసా తీసి చక్రం మీద చిమ్మాడు. చూస్తుండగానే తెల్లటి మందు ఊదారంగుకి తిరిగి, దెబ్బ తగిలిన చోట కమిలినట్టు కమిలి, గచ్చు మీదకి కారింది. మిసావో నాలుగడుగులు ముందుకి వేసింది. తలుపుల అడుగుభాగం పొడుగునా, చక్రాల పైన వంపుల్లోనూ, పాల రంగు మీద పలచగా, ఎండిన టీ మరకలా ఎరుపు. వేలితో గీసింది. పోలేదు. ఒక్క ప్రయాణంలో పట్టే ఎరుపు కాదది.

"ఈ బండి చలికాలంలో ఎక్కడికి వెళ్ళింది?"

"బ్యాటరీ చచ్చిపోతుందని... ఆదివారాలు కాస్త తిప్పేవాణ్ణి. నీకు చెప్పాగా."

"కొట్టంలోనే ఇంజను తిప్పుతారనుకున్నాను. బ్యాటరీ కోసం కొండ దాటి నాగఓకా దాకా వెళ్తారా?"

యోషిహరు గొట్టం కిందపడేశాడు. నీళ్ళు గచ్చు మీద పారుతూనే ఉన్నాయి.

"నేనేమనుకున్నానో తెలుసా?" అంది మిసావో. "ఆదివారం మధ్యాహ్నం వెళ్ళి చీకటిపడ్డాక వస్తుంటే, జూదశాలకి నడిచి వెళ్ళి పచింకో ఆడుకుంటున్నారనుకున్నాను. పోనీలే, ఆ గోల మధ్య కూర్చుంటే కాసేపు మర్చిపోతారేమో అనుకుని ఏనాడూ అడగలేదు. మీ కోసం సూప్ వేడి చేసి పెట్టేదాన్ని."

"ఆడలేదు."

"అది తెలుస్తూనే ఉంది. ఎక్కడికి వెళ్ళారు?"

అతను బకెట్‌ని బోర్లించి దాని మీద కూర్చున్నాడు. కొత్త బకెట్, ధర కాగితం ఇంకా ఊడదీయలేదు.

"మొదట్లో ఊరి చివరి దాకానే. తర్వాత కొండ దాకా. ఒకరోజు చూసుకుంటే ఆ రోడ్డు మీద ఉన్నాను. అదే రోడ్డు. అక్కడ ఆగలేకపోయాను. ముందుకి పోతే వాళ్ళ ఇల్లు వచ్చింది."

"ఎవరి ఇల్లు?"

"కుమగాయి వాళ్ళది."

మిసావో కారు తలుపు పట్టుకుంది.

"ఎదురుగా ఖాళీ స్థలం ఉంది. అక్కడ ఆపుకుని కూర్చునేవాణ్ణి."

"కూర్చుని?"

"ఏముంది, చూసేవాణ్ణి."

"ఏం చూసేవారు?"

"అన్నం తింటున్నారో లేదో."

"తింటున్నారా?"

ఆ ప్రశ్నలో ఉన్న పదునుకి అతను తల ఎత్తాడు. "తెలీదు. ఎప్పుడు చూసినా పరదాలు వేసే ఉంటాయి. ఆ కుర్రాడు కనపడడు. ఆవిడ ఒక్కతే మధ్యాహ్నం బస్సుకి నడిచి వెళ్తుంది, సాయంత్రం నడిచి వస్తుంది. ఇంట్లో కారు లేదు. ఆ కారు తుక్కుకి ఇచ్చేశాక మళ్ళీ కొనలేదట."

"ఆవిడ మీతో చెప్పిందా?"

"ఆవిడతో నేను ఒక్క మాటైనా మాట్లాడలేదు. పక్కింటివాళ్ళు అనుకుంటుంటే విన్నాను."

ఆగాడు. చెప్పాల్సింది ఇంకా ఉందని మిసావోకి అర్థమైంది. ముప్ఫై ఏళ్ళ కాపురంలో అతను ఆగే తీరులన్నీ ఆమెకి తెలుసు.

"జనవరిలో బాగా మంచు పడింది చూడు. ఆ రోజు కూర్చుని ఉండగానే అద్దం మూసుకుపోయింది. ఇంజను ఆపేసి ఉంది. అంతా తెల్లగా, ఏమీ కనపడటం లేదు. ఇంతలో సరసరమని చప్పుడు. చూస్తే ఆవిడ. చీపురుతో మంచు దించుతోంది. దించి, లోపలికి వెళ్ళి, గోరువెచ్చటి నీళ్ళు బకెట్‌తో తెచ్చి, గుడ్డ ముంచి అద్దం తుడిచింది. వైపర్లు ఎత్తి తుడిచింది. పక్క అద్దాలు తుడిచింది. తుడిచి, వంగి దండం పెట్టి, వెళ్ళిపోయింది. ఆ తర్వాత మంచు పడిన ప్రతి ఆదివారం అంతే."

"మీరు దిగలేదా?"

"లేదు."

"వద్దనలేదా?"

"నోరు రాలేదు."

సందులో ఎవరో సైకిల్ బెల్లు కొట్టుకుంటూ పోయారు.

"నేను దీని దుమ్ము కూడా తుడవలేదు" అంది మిసావో. గొంతు చాలా మామూలుగా ఉంది, ఉప్పు తక్కువైందని చెప్పినట్టు. "ముట్టుకుంటే చిహో చేతి గుర్తు మీద నా చెయ్యి పడి అది చెరిగిపోతుందేమోనని. ఈ కొట్టంలోకి రావాలంటే కూడా భయమేసి రాలేదు. రాత్రిళ్ళు పడుకుని అనుకునేదాన్ని, బట్టలు ఉతికేశాం, దుప్పట్లు ఉతికేశాం, గదిలో వాసన కూడా పోయింది, అయినా పర్లేదు, అక్కడ కారు ఉంది, చిహో ఎలా వదిలి దిగిందో అలాగే ఉంది అని. మీరు దాన్ని తీసుకెళ్ళి వాళ్ళ గుమ్మంలో పెట్టారు. ఆవిడ చేత తుడిపించారు."

"నేను తుడవమనలేదు..."

"చిహోని చంపినవాడి తల్లి చేత."

యోషిహరు మొహం చేతుల్లో దాచుకున్నాడు.

మిసావో డ్రైవరు వైపు తలుపు తీసి లోపల కూర్చుంది. ఆమెకి బండి నడపడం రాదు. పెళ్ళికి ముందు లైసెన్సు తీసుకుని బీరువాలో పెట్టింది, అంతే. అయినా తెలుసు, చిహోదీ తనదీ ఒకటే ఎత్తని. తన కాళ్ళు పెడల్స్‌కి సరిగ్గా అందాలి. అందలేదు. గాలిలో వేలాడుతున్నాయి.

"సీటు ఎప్పుడు వెనక్కి జరిపారు?"

"మొదటి రోజే. కాళ్ళు పట్టలేదు."

"అంతకుముందు ఎక్కడుంది?"

"ముందుకి."

"ముందుకంటే ఎంత ముందుకి?"

అతను లేచి దగ్గరికి వచ్చాడు. ఎంత ఆలోచించినా గుర్తు రాలేదని అతని మొహంలో కనపడుతోంది. మిసావో సీటు కింద కడ్డీ లాగి ముందుకి జరిపింది. ఇక్కడా? ఇంకొంచెం జరిపింది. ఇక్కడా? మళ్ళీ వెనక్కి. ప్రతిచోటా సీటు టక్కుమని కుదురుకుంటోంది, ఇదే, ఇదే అన్నట్టు. ఏది చిహోదో చెప్పేవాళ్ళు ఎవరూ లేరు. స్టీరింగ్ మీద తల ఆన్చి ఆమె అప్పుడు ఏడ్చింది. చావు రోజున, చితాభస్మంలోంచి ఎముకలు ఏరేటప్పుడు, నలుగురి ముందూ ఏడవలేకపోయినదంతా ఆ చిన్న బండిలో కూర్చుని ఏడ్చింది. యోషిహరు తలుపు దగ్గర నిలబడి, ఆమె భుజం మీద చెయ్యి వేద్దామా వద్దా అని, వెయ్యకుండానే ఉండిపోయాడు.

తల ఎత్తేసరికి సందు మొగలో ఒకావిడ నిలబడి ఉంది.

నల్ల కోటు, చేతిలో తెల్ల చేమంతులు. ప్రతి నెలా చిహో పోయిన తేదీన ఆమె బస్సు దిగి వస్తుంది, గుమ్మం దగ్గర నిలబడి గంట కొడుతుంది, ఎవరూ తలుపు తీయకపోతే పువ్వులు మెట్టు మీద పెట్టి, మూసిన తలుపుకి వంగి దండం పెట్టి పోతుంది. మిసావో ఇన్ని నెలలూ ఆమెని వంటింటి కిటికీ పరదా సందులోంచే చూసింది. పువ్వులు మాత్రం ఒక్కనాడూ ఇంట్లోకి తేలేదు. ఈ రోజు ఇంట్లో ఎవరూ లేరు. నీళ్ళ చప్పుడు విని ఇటు వచ్చినట్టుంది.

కుమగాయి గారు నడుము విరిగేలా వంగింది. అలాగే ఉండిపోయింది. గచ్చు మీద పారే నీళ్ళు ఆమె బూట్ల కిందకి వెళ్ళాయి.

మిసావో కారు దిగింది. కళ్ళు తుడుచుకోలేదు. ఇన్నాళ్ళూ ఈ మనిషి ఎదురుపడితే ఏమనాలో ఆమె ఎన్నోసార్లు అనుకుంది. కొన్ని మాటలు వంటచేస్తూ పైకే అనుకుంది. వాటిలో ఒక్కటీ నోటికి రాలేదు.

"మీరు ఏ వైపు తుడిచారు?"

కుమగాయి గారు తల ఎత్తింది. తన వయసే, లేదా ఒకటి రెండేళ్ళు చిన్న. పెదాలు పగిలిపోయి ఉన్నాయి.

"మన్నించండమ్మా. ముట్టుకునే హక్కు నాకు లేదని తెలుసు. మంచులో ఆయన మునిగిపోతుంటే చూడలేక..."

"అది కాదు నేనడిగింది. ఏది తుడిచారో, ఏది తుడవలేదో నాకు తెలియాలి. మిగిలింది ఎక్కడుందో తెలియాలి."

ఆమెకి అర్థమైంది. ఇంకెవరికైనా ఆ ప్రశ్న పిచ్చి ప్రశ్నలా వినిపించేదేమో. ఆమె పువ్వులు పక్కన రాతి మీద పెట్టి, కారు చుట్టూ నడుస్తూ, చేత్తో తాకకుండా చూపించింది. "ముందు అద్దం. ఈ రెండు చిన్న అద్దాలు. ఈ పక్క కిటికీలు రెండూ. పైకప్పు మీద చీపురు మాత్రమే. తలుపు పిడులు ముట్టుకోలేదు, వెనక మూత ముట్టుకోలేదు." ఎడమ వైపు వెనక కిటికీ దగ్గర ఆగింది. "ఇది కూడా తుడవలేదు. తుడవబోయి ఆగిపోయాను."

"ఎందుకు?"

ఆమె యోషిహరు వైపు ఒకసారి చూసి, చూపు తిప్పుకుంది. "ఆ రోజు ఆయన లోపల ఊపిరి పీల్చి పీల్చి అద్దాలన్నీ ఆవిరి పట్టాయి. ముందువైపు ఆయన తుడుచుకున్నారు. వెనకది అలాగే ఉంది. నేను మంచు దించగానే లోపలి వైపు, ఆవిరిలో, చెయ్యి కనిపించింది."

"చిహో చెయ్యి?"

"మీరే చూడండమ్మా."

మిసావో వెనక తలుపు తీసి సీటు మీద మోకాళ్ళూని, అద్దానికి మొహం దగ్గరగా పెట్టి ఊపిరి వదిలింది. ఏమీ లేదు. తెల్లటి పొర వచ్చి, కరిగిపోయింది.

"ఇంకా కిందికి" అంది బయటినుంచి కుమగాయి గారు.

మిసావో వంగింది. గుండెల్లో ఉన్న గాలంతా వదిలింది. ఆవిరిలోంచి మెల్లగా అయిదు వేళ్ళు లేచాయి. తెరిచిన అరచెయ్యి. మిసావో తన చెయ్యి దాని పక్కన పట్టి చూసింది. తన అరచేతిలో సగం లేదు. నాలుగేళ్ళో, అయిదేళ్ళో ఉండే పిల్ల చెయ్యి. ఆ ఇంట్లో గానీ, బావగారింట్లో గానీ, వాళ్ళకి తెలిసిన ఏ ఇంట్లో గానీ అంత చిన్న చెయ్యి లేదు.

"మా వాడు మొదటి రోజు నుంచీ చెప్తున్నాడు" అంటోంది కుమగాయి గారు. "ఆ కారులోంచి ఒక పాప దిగి రోడ్డు మీదకి పరిగెత్తిందని. మీ అమ్మాయి ఆ పాప వెనకే వచ్చిందని. పాపని తప్పించబోయి బండి అటు తిప్పానని. పోలీసులు వెతికితే ఏ పాపా లేదు, చూసినవాళ్ళు లేరు. తప్పించుకోడానికి అబద్ధమాడుతున్నాడన్నారు అందరూ. నేనూ అన్నాను. చచ్చిపోయిన పిల్ల మీద అబద్ధాలాడతావా అని చెంప మీద కొట్టాను. వాడు ఆ తర్వాత మాట్లాడటం మానేశాడు. వచ్చే నెల తీర్పు. వాడు నిర్దోషి అనిపించుకోడానికి రాలేదమ్మా నేను. మీ అమ్మాయి వాడి బండి కిందే పోయింది, అది మారదు. కానీ ఈ చెయ్యి చూసిన దగ్గర్నుంచీ ఆయన్ని అడుగుదామని వచ్చినప్పుడల్లా గుడ్డ పట్టుకుని నిలబడ్డాను. అద్దం తుడవడం తప్ప ఇంకేం చేతకాలేదు."

అద్దం మీది చెయ్యి వేళ్ళ కొసల నుంచి కరగడం మొదలుపెట్టింది. మిసావో మళ్ళీ ఊపిరి వదలలేదు. ఆమె ఆ అద్దంలోంచి, మసకగా, భర్తనే చూస్తోంది.

యోషిహరు ఇటు రాలేదు. ఏం చెయ్యి, ఎవరి చెయ్యి అని అడగలేదు. కూతురు చనిపోయిన రోజు ఆమె కారులో ఒక పిల్ల ఉందంటే ఏ తండ్రైనా ఉన్నచోట నిలబడగలడా? అతను నేల వైపు చూస్తూ నిలబడ్డాడు. ఎవరో వచ్చి అడుగుతారని ఎన్నాళ్ళనుంచో ఎదురుచూసి, ఇంక ఎదురుచూసే పని తప్పినవాడిలా ఉన్నాడు. ఆదివారాలన్నీ ఆ ఇంటి ఎదుట ఏం చూస్తూ కూర్చున్నాడో మిసావోకి ఇప్పుడు తెలిసింది. పగతో కాదు. దుఃఖంతో కూడా కాదు. తను చెప్పాల్సిన మాట చెప్పకపోతే ఆ పరదాల వెనక ఏమవుతోందో చూడటానికి వెళ్ళాడు.

ఆమె కారు దిగి అతని ఎదురుగా వెళ్ళి నిలబడింది.

"ఆ పాప ఎవరు?"

యోషిహరు వంగి కుళాయి కట్టేశాడు. కుమగాయి గారు చేతులు రెండూ గుండెల మీద పెట్టుకుని వింటోంది.

"ఆ పాప సంగతి నీకు చెప్పొద్దంది చిహో" అన్నాడు. "నీకొక్కదానికి మాత్రం చెప్పొద్దంది."